మూడు జిల్లాల సర్వర్

"భివండి తెలుగు సమాజానికి ఈ రోజుతో కాగితాల కాలం చెల్లిపోయింది!" అని మా సంఘం అధ్యక్షులు పర్శరాములు సేఠ్ గారు ప్రకటించారు. ఆ వాక్యం పూర్తయ్యేసరికి కరెంటు పోయింది. మైకు ఆగింది, పంకాలు ఆగాయి, సేఠ్ గారు మాత్రం ఆగలేదు. చీకట్లోనే మరో అరగంట మాట్లాడారు. చప్పట్లు ఎక్కడ కొట్టాలో వెనక వరసల వాళ్లకు తెలియక, ముందుజాగ్రత్తగా అరగంటా కొడుతూనే ఉన్నారు.

నేను ఒక తెలుగు దినపత్రికకు భివండి విలేకరిని. పత్రికవాళ్లు జీతం ఇవ్వరు, కార్డు ఇచ్చారు. పొట్టకోసం సంఘం భవనం కిందనే జిరాక్స్ దుకాణం నడుపుకుంటున్నాను. కాగితాల కాలం చెల్లిపోయిందంటే నాలాంటివాడికి గుండె గుభేలుమనాలి. కాని సేఠ్ గారు వేదిక దిగుతూనే నా భుజం తట్టి, కాగితాలు రద్దయిన సంగతి ప్రతి గల్లీకీ తెలిసేలా ఆ ప్రకటనను కట్టలకొద్దీ జిరాక్స్ తీయమన్నారు. పెద్దవాళ్ల పాలనలో చిన్నవాళ్లకు ఎన్నడూ అన్యాయం జరగదు.

సేఠ్ గారికి రెండు పవర్‌లూమ్ కార్ఖానాలు, ఒక తెల్ల సుమో ఉన్నాయి. వచ్చే మున్సిపల్ ఎన్నికల్లో టికెట్ మీద ఆశ కూడా ఉంది. కంప్యూటర్‌ను ఆయన అప్పటిదాకా తాకలేదు. అందువల్ల దాని మీద ఆయనకున్న గౌరవం ఏ అనుభవంతోనూ చెడిపోలేదు.

ఆ సభ అయ్యాక మెట్ల దగ్గర మల్లవ్వ ఆయనను ఆపింది. మల్లవ్వ కనేరి నాలుగో గల్లీలో బిస్సీ నడుపుతుంది. కుటుంబాలను ఊళ్లో వదిలి వచ్చి మగ్గాల మీద పనిచేసే మగవాళ్లకు నెలవారీగా అన్నం పెట్టే ఇంటిని ఇక్కడ బిస్సీ అంటారు. నా భోజనమూ అక్కడే. ఆమె పచ్చిపులుసు కోసమే నేను ఈ ఊరు విడిచిపెట్టలేదని చెప్పినా అబద్ధం కాదు.

"సేఠ్, మా గల్లీల ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి వారమాయె. మగ్గాల సాంచాలన్ని బంద్. పనిలేక పోరగాండ్లు ఒక్కొక్కలే పెట్టె సదురుకుంటున్నరు. జర చిట్టీ రాసియ్యిండ్రి, లైట్ ఆఫీసుల ఇచ్చొస్త."

ఇదివరకు ఇలాంటివి చాయ్ చల్లారేలోపు అయిపోయేవి. కార్యదర్శి కనకయ్య తన సిరా కలంతో ముత్యాల్లాంటి మరాఠీ అక్షరాలు రాసి ముద్ర గుద్దేవాడు, సేఠ్ గారు సంతకం పెట్టేవారు. అప్పుడు మాకు అభివృద్ధి అంటే తెలియదు.

"ఇంకా చిట్టీ ఏంది మల్లవ్వా? గిప్పటిదాక ఏం చెప్పిన నేను? కాగితాల జమానా ఖతం. నీ కంప్లేంటు సీదా సర్వర్‌ల పడ్తది."

"గా సర్వర్ ఏడున్నది సేఠ్?"

"వస్తది."

"ఎన్నడొస్తది?"

"ఆర్డర్ పెట్టినం. నువ్వు బేఫికర్ ఇంటికి వో."

సర్వర్ ఆ తర్వాతి వారం వచ్చింది. తెచ్చినవాడు ఫిలిప్. వరాలా తలావ్ దగ్గర కంప్యూటర్ క్లాసులు చెప్పే సామ్యేలు కొడుకు. బీరువాలో మూడో వంతు ఉన్న నల్ల డబ్బా ఒకటి ఆటోలో తెచ్చి దింపి, కమిటీ ముందు వివరించాడు.

"సేఠ్, మీ ఆఫీసుల మూడు కంప్యూటర్లున్నయి, మూడిట్ల విండోసే. ఒగలు రాసింది ఇంకొగలకు కావాలంటే ఫ్లాపీ పట్టుకొని ఉరుకాలె. ఇగ నుంచి ఫైళ్లన్ని ఈ డబ్బల ఉంటయి. ఎవలి కుర్చీల వాళ్లు కూసొని తెరుసుకోవచ్చు. ఖోలీ ఒక్కటే ఉంటది, దిన్‌పాళీ ఆయన పనికి పోంగనె రాత్‌పాళీ ఆయనొచ్చి పండుతడు సూడుండ్రి, గట్ల."

కోశాధికారి సోమయ్య చాలాసేపు ఆలోచించాడు. "మరి చెద్దరు ఎవలిది?" అన్నాడు.

ఫిలిప్ చదివిన పుస్తకాల్లో ఈ ప్రశ్న లేదు. అతను గొంతు సవరించుకొని ముందుకు పోయాడు. "డబ్బల లినక్స్ ఉంటది. అది విండోస్‌తోని మాట్లాడెతందుకు సాంబా అనే సాఫ్ట్‌వేర్ వేస్తున్న."

సాంబా అనగానే కమిటీ మొత్తం చెప్పులు విడిచింది. డబ్బాకు పసుపు, కుంకుమ, బంతిపూల దండ వచ్చాయి. ఆదివారం చర్చిలో పాటలు పాడే ఫిలిప్, ఎవరి నమ్మకం వాళ్లదన్నట్టు పక్కకు జరిగి నిలబడ్డాడు. అంతలో ఎవరో కొత్త యంత్రానికి ఆనవాయితీ ప్రకారం నూనె వేద్దామని మగ్గం నూనె డబ్బా పట్టుకొచ్చారు. ఫిలిప్ పరుగెత్తుకొచ్చి సర్వర్ మీద అడ్డం పడ్డాడు. నూనె అతని చొక్కా మీద పడింది. శుభసూచకమేనని అందరూ అన్నారు.

ఇక అసలు పని మిగిలింది. ఏ ఫోల్డర్ మీద ఎవరికి ఏ హక్కు ఉండాలో చెబితే సర్వర్‌లో అలాగే పెడతానన్నాడు ఫిలిప్. దీనికోసం ప్రత్యేక సమావేశం పెట్టారు.

ఇక్కడ మా సంఘం సంప్రదాయం ఒకటి చెప్పాలి. సంఘంలో ఏదైనా మూడు జిల్లాల మధ్య పంచుతారు. అధ్యక్షుడు కరీంనగర్ వాడు, కార్యదర్శి వరంగల్ వాడు, కోశాధికారి నిజామాబాద్ వాడు. ఏటా జరిగే సత్యనారాయణ వ్రతంలో కొబ్బరికాయ తెచ్చేది ఒక జిల్లా, కొట్టేది ఒక జిల్లా, చిప్పలు తీసుకుపోయేది ఒక జిల్లా. ఈ ఏర్పాటు వల్లనే మా సంఘం ఇన్నేళ్లుగా చీలకుండా ఉంది.

"ఫిర్యాదుల ఫోల్డర్ సంగతి చెప్పుండ్రి. ఎవలు సూడాలె, ఎవలు రాయాలె?" అని ఫిలిప్ అడిగాడు.

"సూసుడు నాది. అధ్యక్షుడు సూడకపోతే ఎవలు సూస్తరు?" అన్నారు సేఠ్ గారు.

"రాసుడు ఎప్పటిసంది నాదే," అన్నాడు కనకయ్య.

సోమయ్య కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. "అంటే కరీంనగర్ సూస్తది, వరంగల్ రాస్తది. మా జిల్లా ఏం జెయ్యాలె? చాయ్ పొయ్యాల్నా?"

"కాకా, ఇగ మిగిలింది డిలీట్ ఒక్కటే," అన్నాడు ఫిలిప్.

"గదేందో గదియ్యి! మిగిలింది గూడ మాకియ్యకుంట పెట్టుకుంటరా?"

"డిలీట్ అంటే ఫైలు తుడిపేసుడు కాకా."

సోమయ్య ముఖం వెలిగిపోయింది. రాసినదాన్నీ చూసినదాన్నీ లేకుండా చేసే హక్కు కన్నా పెద్ద హక్కు ఇంకేం ఉంటుంది? ఇన్నాళ్లకు తమ జిల్లాకు న్యాయం జరిగిందని ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

అయితే ఒక జిల్లా హక్కులో ఇంకో జిల్లా వేలు పెట్టకూడదని తీర్మానించారు. రాసేవాడు తాను రాసింది తానే చూస్తే అది కరీంనగర్ హక్కును ఆక్రమించినట్టు అవుతుంది. చూసేవాడు ఒక్క అక్షరం మార్చినా వరంగల్ ఊరుకోదు. తుడిచేవాడు చూడనూ కూడదు, రాయనూ కూడదు.

"రాసినాయినకు రాసింది కనవడకపోతే ఎట్ల సేఠ్?" అని ఫిలిప్ నెత్తి పట్టుకున్నాడు. "తుడిపేటాయినకు ఏం తుడుస్తున్నడో ఎరుకవడొద్దా?"

"గందుకే కద బిడ్డా, నమ్మకం అంటరు," అన్నారు సేఠ్ గారు. "కమిటీ పాస్ చేసింది. చెప్పినట్టు సెట్టింగ్ పెట్టు."

ఫిలిప్ రెండు రోజులు కూర్చుని పెట్టాడు. సోమయ్య కంప్యూటర్‌లో చెత్తబుట్ట బొమ్మ ఒకటి పెట్టి, దాన్ని నొక్కితే ఫిర్యాదుల ఫోల్డర్‌లో ఉన్నదంతా పోయేలా చేశాడు. పోతూ పోతూ నా దుకాణంలో ఆగి, "అన్నా, లోకంల ఏడ గూడ గిట్లాంటి సెట్టింగ్ ఎవలు పెట్టి ఉండరు," అన్నాడు. నేను దాన్ని 'ప్రపంచంలోనే ప్రప్రథమం' అని రాశాను. పత్రికలో ఫోటోతో సహా వచ్చింది.

కనకయ్య సిరా కలాన్ని, సంఘం ముద్రను అద్దాల పెట్టెలో పెట్టి తాళం వేశారు. 'పాత కాలపు వస్తువులు' అని కింద పేరు రాశారు. కనకయ్య వచ్చేపోయేటప్పుడు ఆ పెట్టె ముందు ఒక్క క్షణం నిలబడేవాడు.

మరునాటి నుంచి సర్వర్ పని మొదలైంది. శుక్రవారం ఊరంతా సెలవు, కరెంటూ ఉండదు కనుక సర్వర్ కూడా విశ్రాంతి తీసుకునేది. మిగతా రోజుల్లో మధ్యాహ్నం మల్లవ్వ వచ్చేది. కనకయ్య ఆమె ఫిర్యాదును ఒక్క వేలితో వెతుక్కుంటూ టైపు చేసి, సేవ్ నొక్కేవాడు. నొక్కగానే ఫైలు ఆయన కళ్లముందు నుంచి మాయమయ్యేది.

"పోయింది," అనేవాడు.

"ఏడికి పోయింది అన్నా?"

"లోపటికి."

సాయంత్రం ఇంటికి పోయే ముందు సోమయ్య చేతులు కడుక్కొని వచ్చి, చెత్తబుట్ట బొమ్మ నొక్కేవాడు. మర్నాడు పొద్దున పూజ అయ్యాక సేఠ్ గారు ఫోల్డర్ తెరిచి, ఇటూ అటూ చూసి, "ఒక్క కంప్లేంటు లేదు. అంత దేవుని దయ," అని దండం పెట్టుకునేవారు. మూడు జిల్లాలూ తమ తమ హక్కుల్ని ఇంత క్రమశిక్షణతో వాడుకోవడం నేనెక్కడా చూడలేదు.

ఒకనాడు ఉండబట్టలేక సోమయ్యను అడిగాను. "కాకా, ఏం తుడిపేస్తున్నరో ఎరుకేనా?"

"సూసుడు నా హక్కు గాదు గదా తమ్మీ. పరాయి జిల్లా హక్కు నాకెందుకు? తుడుసుడు నా హక్కు, తుడుస్తున్న. ఒక్కనాడు తుడువకుంటె, వాడుకోనోళ్లకు హక్కెందుకని రేపు మీటింగుల గుంజుకుంటరు."

ఆ మాటలో న్యాయం ఉంది. నేను కిందికి దిగి జిరాక్స్ యంత్రం తుడుచుకున్నాను.

బిస్సీలో మాత్రం పంక్తి చిన్నదవుతూ వచ్చింది. గల్లీలో మగ్గాల చప్పుడు లేక, మల్లవ్వ గరిటె తగిలిన శబ్దం రోడ్డు దాకా వినపడేది. ఒకరోజు నా ముందు పళ్లెం పెట్టి పక్కనే కూర్చుంది.

"పెద్ద గంజు బోర్లించిన తమ్మీ. చిన్న గంజుల వండుతున్న. ఇన్నేండ్లు పెద్ద గంజుల వండిన చెయ్యి, ఉప్పు అందాజ్ దొర్కుతలేదు."

ఉప్పు నిజంగానే ఎక్కువైంది. అయినా పళ్లెం ఖాళీ చేశాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఇంక నలుగురు పోయిండ్రంటే నేను కిరాయి కట్టలేను. గీ ఖోలీ ఇడిస్తే మళ్ల నాకెవలిస్తరు? కనకయ్య అన్నను చేతితోని ఒక్క చిట్టీ రాసియ్యమన్న. కలం పెట్టెల ఉన్నది, తాళంచెవి సేఠ్ దగ్గర ఉన్నదన్నడు. నువ్వన్న పేపర్ల రాయి తమ్మీ."

రాశాను. 'సర్వర్ పట్ల కనేరి ప్రజల్లో విశేష ఆసక్తి. ప్రతిరోజూ స్వయంగా వచ్చి చూస్తున్న మహిళ' అని వచ్చింది. నేను రాసింది అది కాదు గాని, కార్డు ఇచ్చినవాళ్లతో వాదించలేం.

ఇంతలో పిడుగులాంటి శుభవార్త. మా సర్వర్‌ను చూడడానికి సాక్షాత్తూ మంత్రి గారే వస్తున్నారు. సేఠ్ గారికి టికెట్ దాదాపు చేతికందినట్టే. కాని మంత్రి గారు వచ్చిన వేళకు కరెంటు పోతే? సేఠ్ గారు లైట్ ఆఫీసు ఇంజనీరును పిలిపించారు. ఇంజనీరు నిజాయితీపరుడు. ఉన్న సంగతి చెప్పాడు. ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే ఉంది, కనేరిలో ఒకటి కాలిందని విని అక్కడికోసం పక్కన పెట్టాడు, ఫిర్యాదు అందగానే పంపేద్దామని చూస్తున్నాడు.

"కనేరీ సే కంప్లేంట్ ఆయా హై క్యా, సేఠ్?"

సేఠ్ గారు దాచుకునే మనిషి కాదు. అక్కడికక్కడే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఫోల్డర్ తెరిచి చూపించారు. ఖాళీ. ఇంజనీరు కళ్లద్దాలు పెట్టుకొని మళ్లీ చూశాడు. అప్పుడూ ఖాళీనే.

"కంప్లేంట్ నహీ, తో ఫాల్ట్ నహీ," అని ఆయన రూలు చెప్పి, ట్రాన్స్‌ఫార్మర్‌ను సంఘం భవనానికి రాసేశాడు.

లారీ వచ్చినప్పుడు మల్లవ్వ నా దుకాణం ముందే కూర్చుని ఉంది. లారీ మీది ట్రాన్స్‌ఫార్మర్‌ను చూసి ఒక్క ఉదుటున లేచింది. "వచ్చింది తమ్మీ! సర్వర్‌ల వేసింది ఫలించింది!" అంటూ లారీ ముందుకు ఉరికి, చెయ్యెత్తి డ్రైవరుకు దారి చూపించింది. "ఇట్ల బిడ్డా, ఇట్ల! కనేరి ఇట్ల!" లారీ ఆమెను దాటుకొని, సంఘం భవనం వెనక్కి తిరిగింది. ఆమె చెయ్యి చాలాసేపు దించలేదు. నాకు ఆ చెయ్యి చూడబుద్ధి కాలేదు. లోపలికి పోయి కాగితాలు సర్దుకున్నాను.

మంత్రి గారి రాక రోజున భోజనాల పని మల్లవ్వకే ఇచ్చారు. ఆమె గంజులు ఖాళీగా ఉన్నాయి కదా. "సర్వర్ వచ్చినంక కనేరి ఆడోళ్లకు ఫుర్సత్ దొరికింది సార్," అని సేఠ్ గారు ఆమెను చూపిస్తూ మంత్రి గారికి మరాఠీలో చెప్పారు. మంత్రి గారు పచ్చిపులుసు రెండుసార్లు పోయించుకున్నారు. ఆ రోజు పెద్ద గంజులో వండింది. ఉప్పు సరిగ్గా కుదిరింది.

తృప్తిగా చేతులు తుడుచుకుంటూ మంత్రి గారు ఆమెను అడిగారు. "కాయ్ ఆయీ, కాహీ అడ్చణ్ ఆహే కా?"

ఏదైనా ఇబ్బంది ఉందా తల్లీ అని. మల్లవ్వ గరిటె కింద పెట్టింది.

"హై సాబ్. హమారా గల్లీ మే లైట్ నహీ. ట్రాన్స్‌ఫార్మర్ జల్ గయా. సాంచా బంద్, ఆద్మీ లోగ్ జా రహా హై."

"అరే! ఒక కాగితం మీద రాసివ్వు తల్లీ, ఇప్పుడే సంతకం పెడతాను," అని మంత్రి గారు జేబులో పెన్ను కోసం తడుముకున్నారు.

హాలంతా ఉలిక్కిపడింది. కనకయ్య అద్దాల పెట్టె వైపు ఒక అడుగు వేశాడు. సేఠ్ గారు చేతులు జోడించి, ఇది కాగితం లేని కార్యాలయమని మంత్రి గారి చెవిలో గుర్తుచేశారు. మంత్రి గారు నాలుక కరుచుకుని, పెన్ను లోపల పెట్టి, తన పొరపాటుకు సభాముఖంగా క్షమాపణ చెప్పుకున్నారు. అంతటి వినయం ఈ రోజుల్లో ఎవరికుంది?

"అయితే సర్వర్‌లోనే పెట్టండి. నా కళ్లముందు పెట్టండి," అన్నారు.

కనకయ్య కూర్చుని ఒక్క వేలితో టైపు చేశాడు. కనేరి, నాలుగో గల్లీ, ట్రాన్స్‌ఫార్మర్. సేవ్ నొక్కాడు. ఫైలు మాయమైంది.

"కుఠే గేలా?" ఎక్కడికి పోయిందని మంత్రి గారు అడిగారు.

"ఆత్," అన్నాడు కనకయ్య. లోపలికి.

చప్పట్లు మోగాయి. వరంగల్ వాళ్లయితే ఈలలు కూడా వేశారు. వెనక నిలబడ్డ సోమయ్యకు అది భరించరాని అవమానం అనిపించింది. మంత్రి సమక్షంలో వరంగల్ రాసింది, ఇప్పుడు కరీంనగర్ చూస్తుంది, మరి తమ జిల్లా ముఖం ఎక్కడ పెట్టుకోవాలి? ఆయన తువ్వాల భుజం మీద వేసుకొని, జనాన్ని తోసుకుంటూ వెళ్లి, తన కంప్యూటర్ ముందు నిలబడి, చెత్తబుట్ట బొమ్మను గట్టిగా నొక్కాడు. నిజామాబాద్ వాళ్లు జై కొట్టారు.

"ఇప్పుడు మీరు చూడండి," అన్నారు మంత్రి గారు సేఠ్ గారితో.

సేఠ్ గారు ఫోల్డర్ తెరిచారు. ఖాళీ.

మంత్రి గారు తెర వైపు చూశారు. గడియారం వైపు చూశారు. మళ్లీ తెర వైపు చూశారు.

"పరిష్కారమైపోయిందా?"

సేఠ్ గారు ఒక్క క్షణం తడబడ్డారు. అంతే. "హో సాహెబ్," అని తలూపారు.

మంత్రి గారు ఆనందం పట్టలేక సేఠ్ గారిని కౌగిలించుకున్నారు. తన ఇన్నేళ్ల రాజకీయ జీవితంలో ఒక పేదరాలి కష్టం చేతుల తడి ఆరేలోపు తీరడం ఇదే మొదటిసారి చూశానన్నారు. ఇలాంటి సర్వర్ ప్రతి తాలూకాలోనూ పెట్టిస్తానన్నారు. వచ్చేటప్పుడు వెంట తెచ్చిన షీల్డు ఇచ్చి, మల్లవ్వను పిలిచి పక్కన నిలబెట్టుకొని ఫోటో దిగారు. ఆ ఫోటోలో ఫిలిప్ ఒక మూలన నేల వైపు చూస్తూ కనిపిస్తాడు.

మల్లవ్వ తన గంజులు తానే కడుక్కొని, ఆటోలో వేసుకొని పోయింది. భోజనం కుదిరిందా అని కూడా ఎవరినీ అడగలేదు.

నెల తిరిగాక సేఠ్ గారు నన్ను పైకి పిలిచారు. గదిలో ఏసీ చల్లగా ఉంది. వెనక ట్రాన్స్‌ఫార్మర్ జుమ్మని మోగుతోంది. గోడకు షీల్డు, దాని కింద రోజుకో కొత్త దండ వేయించుకుంటున్న సర్వర్.

"సూడు," అని ఫోల్డర్ తెరిచారు. "మొన్నటి సంది కనకయ్య గూడ ఖాళీగనే కూసుంటుండు. కనేరికెల్లి ఒక్క మనిషి వస్తలేడు. నాలుగో గల్లీల సమస్యే లేదని మంచిగ రాయి."

విలేకరి అన్నవాడు కళ్లతో చూడందే రాయకూడదు. అందుకని మధ్యాహ్నం కనేరి వెళ్లాను. సేఠ్ గారు చెప్పింది అక్షరాలా నిజం. నాలుగో గల్లీలో ఒక్క ఫిర్యాదు లేదు. మగ్గాల షెడ్లకు తాళాలు ఉన్నాయి. కుర్రాళ్లలో కొందరు ఊళ్లకు పోయారని, మిగతావాళ్లు మాన్కోలి గోదాముల్లో మూటలు మోస్తున్నారని పాన్ దుకాణం వాడు చెప్పాడు. మల్లవ్వ కూడా అక్కడెక్కడో వండిపెడుతోందట. బిస్సీ తలుపు మీద ఖోలీ కిరాయికి ఇస్తామని మరాఠీలో రాసి ఉంది.

గుమ్మం ముందు కాసేపు నిలబడ్డాను. చాలా బాధేసింది. ఆకలి కూడా వేసింది. సేఠ్ గారు చెప్పినట్టే రాసుకుని, గల్లీ మొదట్లో బండి దగ్గర వడాపావ్ తిన్నాను. ఉప్పు సరిగ్గానే ఉంది.